మొదటి కుర్చీ

అలోంజో పికెట్‌ని కొట్టింది బస్సులో కాదు, బస్సు వెళ్ళిపోయాక.

నల్లవాళ్ళు ముందు తలుపు దగ్గర డబ్బులిచ్చి, మళ్ళీ కిందికి దిగి, చుట్టూ తిరిగి వెనక తలుపులోంచి ఎక్కాలి. మిసిసిపీలో పాలు తాగే పిల్లలకి కూడా తెలిసిన సంగతే ఇది. అలోంజోది సెంట్ లూయీ అయినా, ఈ సైనిక శిబిరానికి వచ్చి ఏడాది దాటింది కాబట్టి అతనికీ తెలుసు. బజార్లో ట్రంపెట్ స్ప్రింగు బాగు చేయించుకుని వస్తున్నాడు. డబ్బులిచ్చాడు, దిగాడు, పెట్టె చంకన పెట్టుకుని వెనక్కి నడిచాడు. డ్రైవరు బస్సు కదిలించేశాడు. వాడు సరదాకి అప్పుడప్పుడూ అలా చేస్తుంటాడు. అలోంజో బస్సు పక్కన అరచేత్తో ఒక్క చరుపు చరిచాడు. అతను చేసిన నేరం అంతే.

మిలిటరీ పోలీసు ఒకడు రోడ్డు దాటి తాపీగా వచ్చాడు. మీసం కూడా సరిగ్గా మొలవలేదు వాడికి.

"ఏరా, సర్కారు బస్సుని కొడుతున్నావేంటి?"

"నేనింకా ఎక్కలేదండి. డబ్బులిచ్చేశాను."

"ఆ పెట్టెలో ఏంటి?"

"ట్రంపెట్టండి. శిబిరం బాండులో వాయిస్తాను."

ఆ మాట అనకుండా ఉంటే కర్ర ఏ భుజానికో తగిలి ఊరుకునేదేమో. వాడు కర్రని రెండు చేతులా పట్టుకుని, రోకలితో దంచినట్టు, దాని కొసతో సరిగ్గా మూతి మీద పొడిచాడు. అలోంజో రోడ్డు మీద కూలబడ్డాడు. పడుతూ కూడా పెట్టెని ఒళ్ళోకి లాక్కున్నాడు. వాడు ఇంకేమీ అనకుండా, నీడ ఉన్న వైపుకి వెళ్ళిపోయాడు.

శిబిరం దాకా ఎర్రమట్టి రోడ్డు మీద నడిచే వచ్చాడు. దారి పొడుగునా నాలికతో పెదవిని తడుముకుంటూనే ఉన్నాడు. పై పెదవి, సరిగ్గా మధ్యలో, లోపలి వైపు చీలింది. పైన ముందు పన్ను కదులుతోంది. ఇంకెవడికైనా అది నాలుగు రోజుల నొప్పి. ట్రంపెట్ మూతి ఆనేది సరిగ్గా అక్కడే. పదిహేనేళ్ళుగా అతని కూడు ఆ గోరంత చోటు మీదే ఉడుకుతోంది.

నల్లవాళ్ళ వార్డులో పనిచేసే మందుల సిపాయి రెండు కుట్లు వేశాడు. "మూడు వారాలు ఊదకు. ఊదావా, కుట్లు తెగడం కాదు, పెదవి గట్టిపడి బెండు ముక్క అయిపోతుంది. రోగుల పట్టీలో పేరు ఎక్కించమంటావా?"

"వద్దు," అన్నాడు అలోంజో, పెదవులు కదలకుండా.

వద్దనడానికి కారణం ఉంది. ముందురోజే వార్త వచ్చింది. బాండు ఇంగ్లండు వెళ్తోంది. అవతల ఫ్రాన్సులో ముందుకి దూకుతున్న సైన్యానికి వెనకాల పాటలు కావాలి, డాన్సులు కావాలి. కాకపోతే ఓడలో చోటు తక్కువ, నాలుగు ట్రంపెట్లలో మూడే వెళ్తాయి. నాలుగోవాడు మెక్సికో గల్ఫు రేవులో గుండ్లూ బాంబులూ ఓడల్లోకి ఎక్కించే కంపెనీకి పోతాడు. ఆ కంపెనీలో మోసేవాళ్ళందరూ నల్లవాళ్ళే, అరిచేవాళ్ళందరూ తెల్లవాళ్ళే. పోయిన నెల అక్కడ ఒక పెట్టె చెయ్యి జారింది. ఆ ఓడ మీద ఉన్నవాళ్ళని గోనెసంచుల్లోకి ఎత్తారని ఆ వైపు నుంచి వచ్చిన లారీవాళ్ళు చెప్పారు. రోగుల పట్టీలో పేరెక్కితే బాండు పట్టీలోంచి పేరు పోతుంది. అప్పుడు ఆ నాలుగోవాడెవడో ఎవరూ ఆలోచించక్కర్లేదు.

ఎవర్ని ఉంచాలో ఎవర్ని తియ్యాలో తేల్చేది బాండు మీద అధికారి, తెల్లదొర, కెప్టెన్ హాల్‌స్టెడ్. శనివారం ఆఫీసర్ల క్లబ్బు వెనక పచ్చికలో విందు, జనరల్ గారొస్తున్నారు. అక్కడ స్వయంగా విని తేలుస్తానన్నాడు. బాండుని నడిపే సార్జెంటు గేన్స్‌ని సలహా కూడా అడగలేదు.

*

"ఏదన్నా, మూతి చూపించు," అన్నాడు క్లియోఫస్ టార్వర్.

మొదటి కుర్చీ అలోంజోది, పక్కన రెండో ట్రంపెట్టు ఇతనిది. తుల్సా మనిషి. అలోంజో కన్నా ఐదారేళ్ళు చిన్న. నోట్లో బాకా లేనప్పుడు ఆ నోరు ఊరుకోదు. రేకుల షెడ్డులో సాధన మొదలవబోతోంది. సాక్సఫోన్లవాళ్ళు రీడ్లు నాలికతో తడుపుకుంటున్నారు, డ్రమ్ములవాడు తోలు బిగిస్తున్నాడు. అలోంజో పెదవి పైకెత్తి చూపించాడు.

"అబ్బో, అందం నాలుగింతలైంది. మా వదిన చూసిందంటే మళ్ళీ పెళ్ళి చేసుకుంటుంది."

అలోంజో కళ్ళతోనే నవ్వబోయాడు.

"నిన్ను కాదులే. ఇంకొకణ్ణి." అని పక్కన కూర్చుని గొంతు తగ్గించాడు. "శనివారం లీడు నేను లాగుతా. నువ్వు నీ కుర్చీలో నువ్వు కూర్చో. నీ స్వరాల కాయితాలు నా స్టాండు మీద, నావి నీ స్టాండు మీద. ఎదురుగా చూసేవాడికేం కనబడుతుంది? నాలుగు బాకాలు లేస్తాయి, నాలుగు బాకాలు దిగుతాయి. ఏది మోగిందో ఏది మోగలేదో దొర వాళ్ళ తాత దిగొచ్చినా చెప్పలేడు."

ముందుండి నడిపే ఆ లీడుని పంచుకోవడం ట్రంపెట్ల వరసలో కొత్తేమీ కాదు. మొదటి కుర్చీవాడు పైస్వరాలు మొయ్యాలి. పదహారుమందిని ఆ స్వరం మీదే లాక్కుపోవాలి. మూడు నాలుగు పాటలయ్యేసరికి పెదవి మొద్దుబారుతుంది. అప్పుడు పక్కవాడు ఒక పాట ఎత్తుకుంటాడు, మొదటివాడు కింది స్వరంలో కాస్త ఊపిరి తీసుకుంటాడు. కాయితం చెయ్యి మారుతుంది, కుర్చీలు మారవు. అలా పంచుకుంటారు గాని, మొత్తం విందంతా ఒక్కడే నెత్తినేసుకోవడం ఎవడూ చెయ్యడు.

"నీ సోలో ఉంది కదరా చివర్లో," అన్నాడు అలోంజో. మాట ముద్దముద్దగా వచ్చింది.

"ఉంటే? లేచి ఊదుతా. 'గూడ్సు బండి' నేను నిద్రలో కూడా ఊదుతా."

'గూడ్సు బండి' సార్జెంటు గేన్స్ కట్టిన పాట. ఎక్కడ వాయించినా చివర అదే. బాండు మొత్తం పట్టాల మీద చక్రాల్లా దడదడలాడుతుంటే క్లియోఫస్ ఒక్కడూ లేచి నిలబడి, మూడు మెట్లు ఎక్కినట్టు పైకి పోయి, ఇంజను కూతలా ఒక స్వరం పట్టి నిలుపుతాడు. సోలో ఊదేవాడు నిలబడాలి, అది రివాజు. బాండులో మనిషికి మొహం ఉండేది ఆ కాసేపే.

లీడు పొడుగునా లాగినవాడి పెదవి చివరికి ఎలా ఉంటుందో అలోంజోకి తెలిసినంతగా ఆ షెడ్డులో ఇంకెవరికీ తెలీదు. వద్దురా, సగం పాటలు మూడోవాడికిద్దాం అనాలి. మూడోవాడికి ఆ పైస్వరాలు అందవు, దొరకి అనుమానం వస్తుంది అని అతనికి అతనే చెప్పుకున్నాడు. సెంట్ లూయీలో రెండేళ్ళ కూతురుంది. రేవులో గోనెసంచులున్నాయి. కాయితాలు తీసి పక్క స్టాండు మీద పెట్టాడు.

సార్జెంటు గేన్స్ అది చూశాడు. చూసి, బాండు నడిపే సన్న కర్ర ఎత్తాడు.

"మొదటి పాట. చంపకండి, నిమ్మళంగా," అన్నాడు.

నాలుగో కుర్చీలో హోలిస్ అని లావుపాటి మనిషి. ఊపిరి చాలదు, పొడుగు స్వరాల చివర తేలిపోతుంటాడు. రేవుకి పోయేది హోలిసేనని ఎవరూ పైకి అనకపోయినా అందరూ అనుకుంటున్నారు. అతనూ అనుకుంటున్నాడు. శుక్రవారం అందరూ భోజనానికి వెళ్తే అతనొక్కడూ మంచం మీద కూర్చుని సంచి సర్దుకున్నాడు. అలోంజో లోపలికొచ్చి అది చూశాడు. జాలి కలిగింది గాని, ఆ జాలి వెనకే మనసు కుదుటపడింది కూడా.

*

శనివారం ఎండ నిప్పులు చెరిగింది. వంటింటి తలుపు గుండా లోపలికెళ్ళి, అంట్లు తోమేవాళ్ళని దాటుకుని, పచ్చిక మీద వేసిన చెక్క వేదిక ఎక్కారు బాండువాళ్ళు. ఇస్త్రీ చొక్కాలు అప్పటికే వీపులకి అంటుకున్నాయి. అవతల టేబుళ్ళ మీద ఐసు ముక్కలేసిన గ్లాసులు, ఆడవాళ్ళ గౌన్లు, జనరల్ గారి బట్టతల. కెప్టెన్ హాల్‌స్టెడ్ వేదికకి ఎదురుగా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. చెడ్డమనిషి అని ఎవరూ అనలేరు. పాటంటే ప్రాణం పెడతాడు, కాలితో తాళం కూడా వేస్తాడు. కాకపోతే నాలుగు దెబ్బల ప్రతి పట్టులోనూ రెండో దెబ్బకీ నాలుగో దెబ్బకీ వెయ్యాల్సిన తాళం ఒకటికీ మూడుకీ వేస్తాడు. బాండులో ఎవరూ ఆ కాలి వైపు చూడరు.

గేన్స్ వేళ్ళు చిటికేశాడు. సాక్సఫోన్లు ముందు నవ్వాయి, ట్రాంబోన్లు గుర్రుమన్నాయి, నాలుగు ట్రంపెట్లు ఒక్కసారి లేచాయి. క్లియోఫస్ పట్టిన పైస్వరం పచ్చిక చివరి టేబులు దాకా వెళ్ళింది. ఆడవాళ్ళు కుర్చీలు జరుపుకుని లేచారు.

అలోంజో ట్రంపెట్‌ని పెదవికి తాకీ తాకకుండా పట్టుకుని, వేళ్ళతో మీటలు నొక్కుతూ, బుగ్గలు బిగించి కూర్చున్నాడు. బాకాలోకి ఊపిరి పోవడం లేదు. పదిహేనేళ్ళలో మొదటిసారి పాట మధ్యలో ఖాళీగా ఉన్నాడు. ఖాళీగా ఉన్నాడు కాబట్టి అన్నీ వినిపించాయి. క్లియోఫస్ లీడు బాగుంది. తనకన్నా బాగుందేమో కూడా. ఆ సంగతి మింగడం కాస్త కష్టమైంది.

నాలుగో పాటకి క్లియోఫస్ మెడ నరాలు పైకి తేలాయి. ఆరో పాట మధ్యలో, స్వరం లేని రెండు పట్ల సందులో, ట్రంపెట్ నోటి నుంచి తీసి, మొద్దుబారిన పెదవుల్ని ఉఫ్ ఉఫ్‌మని ఆడించుకోవడం మొదలుపెట్టాడు. ఒక పాటకి చెవులకి మెత్తగా ఉండాలని ట్రంపెట్ల గరాటు చివరకి రబ్బరు మూతలు అడ్డం పెట్టారు. ఆ కాస్సేపే అతనికి విశ్రాంతి. తరవాత మళ్ళీ పైకే.

మధ్యలో విరామమిచ్చారు. అప్పుడు బాండుకి కుర్చీలుండవు, వంటింటి వెనక బొగ్గుల పక్కన నిలబడాలి. వంటావిడ ఒకామె ఐసు ముక్కలు గుడ్డలో కట్టి తెచ్చి, ఎవరికని అడక్కుండా క్లియోఫస్ చేతిలో పెట్టింది. అతను దాన్ని మూతి మీద అదుముకుని కళ్ళు మూసుకున్నాడు.

"నొప్పా?" అన్నాడు అలోంజో.

"నొప్పుంటే బాగుండును. ఏమీ తెలీట్లేదు."

తెలీకపోవడమే చెడ్డదని ఇద్దరికీ తెలుసు. అలోంజో నోటిదాకా వచ్చింది: ఇక ఆపేద్దాంరా, నేను ఒకటి రెండు ఊదుతా, తెగితే తెగింది. గోడ అవతల హోలిస్ దగ్గుతున్నాడు. గేన్స్ లోపలి నుంచి చప్పట్లు కొట్టి పిలిచాడు. చెప్పడానికి టైము లేకపోయిందని అలోంజో అనుకున్నాడు. నిజానికి కావలసినంత టైముంది.

రెండో భాగం బాగానే నడిచి ఉండేది. కాని జనరల్ గారికి ఒక పాట తెగ నచ్చేసి, మళ్ళీ అదే కావాలని కబురు పంపారు. అది ట్రంపెట్లు అరిచి చచ్చే పాట. మళ్ళీ వాయించారు. ఆయన నిలబడి చప్పట్లు కొట్టి, మొదటి కుర్చీ వైపు వేలు చూపించి, పక్కనున్న కెప్టెన్‌ని ఏదో అడిగారు. కెప్టెన్ వంగి చెప్పాడు. జనరల్ గారు అలోంజో వైపు తల ఊపారు. అలోంజో ఏం చెయ్యాలో తెలీక తనూ తల ఊపాడు.

పొద్దు వాలేవేళకి 'గూడ్సు బండి' ఎత్తారు. చక్రాలు కదిలాయి. క్లియోఫస్ లేచి నిలబడ్డాడు.

మొదటి మెట్టు బాగా ఎక్కాడు. రెండో మెట్టు మీద స్వరం కాస్త వణికింది, దాన్ని వంకర తిప్పి కావాలని చేసినట్టు నవ్వించాడు. మూడో మెట్టుకి ట్రంపెట్ పైకెత్తాడు. కూత రాలేదు. గాలి వచ్చింది. మళ్ళీ పట్టబోయాడు, ఏదో కింది స్వరం చిట్లి బయటపడింది. అందరూ చూస్తుండగా, మనిషి గొంతులో కఫంలాంటి చప్పుడు. గేన్స్ టెనార్ సాక్సఫోనువాడికి సైగ చేశాడు. వాడు అందుకుని లాక్కుపోయాడు. డాన్సు చేసేవాళ్ళెవరూ ఆగలేదు. క్లియోఫస్ వెంటనే కూర్చోలేదు. తనకి రావలసిన పట్లన్నీ అయిపోయేదాకా, ట్రంపెట్ ఛాతీకి ఆనించుకుని, అలాగే నిలబడ్డాడు.

కెప్టెన్ తాళం ఆపి అతన్నే చూస్తున్నాడు.

*

ఆదివారం ప్రార్థన అయ్యాక కెప్టెన్ షెడ్డుకి వచ్చాడు. మొహం నిజంగానే బాధగా పెట్టాడు.

"టార్వర్, నువ్వు మంచి కుర్రాడివి. కాని జనరల్ ముందు అలా చెయ్యకూడదు కదా. రేపు పొద్దున్న రేవుకి లారీ ఉంది. పికెట్, నీ సంగతి చెప్పక్కర్లేదు. అద్భుతం."

క్లియోఫస్ "అలాగేనండి" అన్నాడు. గేన్స్ తన చేతిలో కర్రని రెండు వేళ్ళతో తిప్పుతూ నేల చూశాడు. ఏదైనా అంటే ఇద్దర్నీ పంపిస్తారని అతని భయం, అప్పుడు బాండే ఉండదు. సాయంత్రం హోలిస్ గోడవైపు తిరిగి, తన సంచిలో సర్దుకున్నవన్నీ ఒక్కొక్కటే బయటికి తీశాడు. ఎవరికీ చప్పుడు వినపడకూడదన్నట్టు తీశాడు.

"నేను వెళ్ళి చెప్తానురా," అన్నాడు అలోంజో.

క్లియోఫస్ బూట్లు తుడుచుకుంటున్నాడు. "ఏమని? మేమంతా కలిసి మిమ్మల్ని వెర్రివాణ్ణి చేశామనా? పడుకో అన్నా. ఎవడో ఒకడు వెళ్ళాలి. నేను కాకపోతే హోలిస్ వెళ్ళేవాడు. హోలిస్ వెళ్తుంటే మనమేమైనా ఏడ్చామా?"

అలోంజో వెళ్ళి పడుకున్నాడు. తెల్లారేదాకా పెదవిలో కుట్లు సలుపుతూనే ఉన్నాయి. తెల్లారగానే లేచి, చొక్కా గుండీలు పెట్టుకుని, కెప్టెన్ ఆఫీసుకి నడిచాడు. ఆ నడిచినందుకు మాత్రం అతన్ని ఎవరూ ఏమీ అనలేరు.

కెప్టెన్ కాఫీ తాగుతున్నాడు. అలోంజో నిలబడే అంతా చెప్పాడు. బస్సు, కర్ర, కాయితాలు మారడం, మొత్తం. చెప్పి, పెదవి పైకెత్తి కుట్లు చూపించాడు.

కెప్టెన్ కప్పు కింద పెట్టాడు. చాలాసేపు ఆ కుట్లనే చూశాడు.

"అంటే ఆ లీడంతా టార్వరే ఊదాడా?"

"అవునండి. అందుకే చివర పెదవి పోయింది. అతన్ని ఉంచండి. నన్ను పంపండి."

"అదంతా వాడా," అన్నాడు కెప్టెన్ మళ్ళీ, తనలో తను. అతనికి అర్థమైంది, అందులో సందేహం లేదు. లేచి కిటికీ దగ్గరికెళ్ళాడు. "జనరల్ గారు మొదటి కుర్చీలో ఉన్నదెవరని అడిగారు, నీ పేరు చెప్పాను. ఇంగ్లండులో మళ్ళీ వింటానన్నారు. ఇప్పుడెళ్ళి, అయ్యా, ఊదింది వాడు కాదు పక్కవాడు, నేను సాయంత్రమంతా ఎదురుగా నిలబడి కూడా కనిపెట్టలేదు అని చెప్పమంటావా? నాకీ బాండు అప్పజెప్పినవాళ్ళు ఏమనుకుంటారు?"

కెప్టెన్ కిటికీ దగ్గర్నుంచి వెనక్కి తిరిగాడు.

"కుదరదబ్బాయ్. టార్వర్ పేరుతో కాయితం పైకి వెళ్ళిపోయింది. ఓడ ఎక్కేసరికి మూతి మానిపోతుంది. నువ్వు చెప్పావు, నేను విన్నాను. ఇక వెళ్ళు."

బయటికొచ్చి అలోంజో మెట్ల మీద ఆగాడు. కోపం రావాలి. వస్తుందని ఎదురుచూశాడు. కోపం కన్నా ముందు ఇంకొకటి వచ్చింది. వీపు మీంచి బస్తా దించినట్టు ఒళ్ళంతా తేలికైపోయింది. రేవుకి వెళ్ళక్కర్లేదు. చెప్పవలసింది చెప్పేశాడు కూడా. ఊపిరి హాయిగా లోపలికెళ్ళింది. అది తెలిసి అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. అసహ్యం వేసినా తేలిక పోలేదు.

లారీ వంటశాల పక్కన నిలిచి ఉంది. క్లియోఫస్ వెనక చెక్క మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాడు. ట్రంపెట్ సర్కారుది, స్టోర్సులో అప్పజెప్పేశాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు తొడల కింద దోపుకున్నాడు. పెదవి ఇంకా వాచే ఉంది.

"పొద్దున్నే ఎటెళ్ళావన్నా?"

"కెప్టెన్ దగ్గరికి. అంతా చెప్పేశాను. కుట్లు కూడా చూపించాను."

క్లియోఫస్ అతని మొహంలోకి చూశాడు. "ఏమన్నాడు?"

"నమ్మాడు. నమ్మినా మార్చనన్నాడు. జనరల్‌కి నా పేరు చెప్పేశాడట."

పైకి అన్నాక ఆ మాటలు అతనికే అతుకుల బొంతలా వినిపించాయి. నిజం తెలిసిన దొర, నిజం చెప్పినవాణ్ణి ఏమీ అనకుండా, బాండులోనే ఉంచి పంపించాడట. ఎవడు నమ్ముతాడు? పైగా మనిషి మొహం తేటగా ఉంది.

క్లియోఫస్ నవ్వాడు. అది వెక్కిరింపు నవ్వు కాదు, వెక్కిరించినా బాగుండేది.

"పోనీలే అన్నా. చెప్పకపోయినా నేనేమీ అనుకోను. నాకు పెళ్ళామా, పిల్లలా?"

"చెప్పానురా, క్లియో."

"సరే, చెప్పావు. చెప్పావులే."

కూతురి మీద ఒట్టు పెట్టాలనుకుని అలోంజో నోరు తెరిచాడు. ఆ ఆఫీసు మెట్ల మీద హాయిగా పీల్చిన ఊపిరి గుర్తొచ్చింది. నోరు మూసుకున్నాడు.

డ్రైవరు వచ్చి ఇంజను స్టార్టు చేశాడు. క్లియోఫస్ కాళ్ళు పైకి లాక్కుని, ఒక చెయ్యి బయటికి తీసి ఊపాడు. అలోంజో చెయ్యని తప్పుని మనస్ఫూర్తిగా క్షమించేసి, నవ్వు మొహంతో, లారీ మలుపు తిరిగేదాకా ఊపుతూనే ఉన్నాడు.